పాత బస్సుల్లో ఏసీ గ్యాస్: పాఠకుల సందేహాలు, సమాధానాలు

గోదావరి డెల్టాలో పెళ్ళి బృందాలకూ తీర్థయాత్రలకూ కాలేజీలకూ తిరిగే ఏసీ బస్సుల్లో పదేళ్ళు పైబడినవి ఎన్నో ఉన్నాయి. వాటి ఇంజిన్ గురించి తెలిసినంతగా ఏసీ గురించి యజమానులకు తెలియదు; గ్యాస్ సంగతి పూర్తిగా మెకానిక్‌కే వదిలేస్తారు. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఆ ఒక్క విషయం చుట్టూనే ఉన్నందువల్ల శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నా దగ్గర పన్నెండేళ్ళు దాటిన 12 మీటర్ల ఏసీ కోచ్ ఉంది. యూనిట్ ప్లేటు మీద ఆర్-134ఎ అని ఉంది. ఉగాది నాటి నుంచి చల్లదనం తగ్గుతూ వస్తోంది. రెండుసార్లు గ్యాస్ టాపప్ చేయించాను. ఈసారి ఆర్-22 వేస్తే ఖర్చు తక్కువ, కూలింగ్ ఎక్కువ అని మెకానిక్ అంటున్నాడు. వేయించవచ్చా? – బస్సు యజమాని, పాలకొల్లు

వేయించకండి. మీ మెకానిక్ మాటలో కొంత నిజం లేకపోలేదు. కంప్రెసర్ లాగే ఆవిరి పరిమాణం అంతే ఉన్నప్పుడు ఆర్-22 ఎక్కువ వేడిని మోసుకుపోతుంది, అందుచేత వేసిన కొత్తలో బస్సు చల్లగానే ఉంటుంది. అయితే ఆ అదనపు భారమంతా ఆర్-134ఎ కోసం తయారైన కంప్రెసర్, క్లచ్, బెల్టు, హోసుల మీద పడుతుంది. వేడిని బయటి గాలికి వదిలే కండెన్సర్‌లో గ్యాస్ 50 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతున్నప్పుడు ఆర్-134ఎ పీడనం గేజి మీద సుమారు 176 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఉంటుంది; అదే ఉష్ణోగ్రత దగ్గర ఆర్-22 పీడనం సుమారు 267. రోహిణి కార్తె ఎండలో రావులపాలెం దగ్గర వాహనాలు బారులు తీరి, బస్సు కదలకుండా నిలిచిపోయినప్పుడు కప్పు మీది కండెన్సర్‌లో ఉష్ణోగ్రత 60 డిగ్రీలకు చేరడం వింత కాదు. అప్పుడు ఆర్-134ఎ 229 పీఎస్ఐ చూపిస్తే ఆర్-22 దాదాపు 337 చూపిస్తుంది.

ఆ స్థితిలో, పీడనం హద్దు దాటితే ఏసీని ఆపే హై ప్రెషర్ కటౌట్ స్విచ్ మాటిమాటికీ పడిపోయి ఏసీ ఆగిపోతుంది. ఆ తర్వాత జరిగేదే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది: కటౌట్ వైర్లు రెండూ కలిపి 'డైరెక్ట్' చేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. అలా చేసిన బస్సులో ప్రయాణికుల తలల మీదుగా అదుపు లేని పీడనం పారుతూ ఉంటుంది. దీనికి తోడు మీ బస్సులోని ఎక్స్‌పాన్షన్ వాల్వు ఆర్-134ఎ పీడనానికి లెక్కగట్టి అమర్చినది. గ్యాస్ మారితే కూలింగ్ కాయిల్‌కు వదలవలసిన ద్రవం కొలత తప్పుతుంది. పైగా పాత గ్యాస్ కొంత లోపల ఉండగానే కొత్తది ఎక్కిస్తే తయారయ్యే మిశ్రమానికి ఏ పట్టికా పనికిరాదు. రేపు ఇంకొక మెకానిక్ గేజి పెట్టినా దానిలో ఏముందో పోల్చుకోలేడు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు ఒకే వేసవిలో రెండుసార్లు గ్యాస్ నింపించారు. ఏసీలోని గ్యాస్ డీజిలులాగా మండి ఖర్చయ్యే పదార్థం కాదు; అది మూసిన గొట్టాల్లో ఆవిరిగా, ద్రవంగా మారుతూ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే బయటికి పోయిందనే అర్థం. కాబట్టి ఏ గ్యాస్ వేయాలన్న ప్రశ్న కన్నా ముందు, ఉన్న గ్యాస్ ఎటు పోయిందన్న ప్రశ్నకు జవాబు రావాలి.

తనిఖీని తెల్లవారుజామున మొదలుపెట్టించండి. బస్సు రాత్రంతా నీడన ఆగి, ఏసీ నడవకుండా ఉంటే లోపలి గ్యాస్ బయటి గాలి వేడికి సమానమవుతుంది. గాలి 30 డిగ్రీలు ఉన్నప్పుడు శుద్ధమైన ఆర్-134ఎ ఉన్న యూనిట్‌లో రెండు గేజీలూ 97 పీఎస్ఐ దగ్గర నిలబడాలి. 115, 120 చూపిస్తే లోపల గాలి గానీ వేరే గ్యాస్ గానీ కలిసిందని అనుమానించాలి. 97 కన్నా బాగా తక్కువ చూపిస్తే ద్రవరూపంలో గ్యాస్ దాదాపుగా మిగలలేదు. అయితే సరిగ్గా 97 చూపించినంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉందని పొరపడకూడదు. లోపల ఒక కిలో ద్రవం ఉన్నా ఆరు కిలోలు ఉన్నా, నిలకడగా ఉన్నప్పుడు గేజి చూపించే అంకె ఒక్కటే.

తర్వాత కంటితో వెతకాలి. గ్యాస్ కారే చోట దానితోపాటు కంప్రెసర్ ఆయిలు కూడా సన్నగా బయటికి వస్తుంది. దాని మీద రోడ్డు దుమ్ము అంటుకుని, జాయింటు చుట్టూ నల్లటి జిడ్డు వలయం ఏర్పడుతుంది. మిగతా గొట్టమంతా పొడిగా, బూడిద రంగులో ఉండి, ఒక్క నట్టు దగ్గర మాత్రం వేలికి నల్లగా అంటుకుంటే మీ లీకు దొరికినట్టే. హోసులకు బిగించిన ఫిట్టింగులు, కంప్రెసర్ షాఫ్టు సీలు, సర్వీసు వాల్వుల మూతలు, వెనుక ఇంజిన్ నుంచి కప్పు మీదికి ఎక్కే గొట్టం బాడీకి ఒరుసుకునే మలుపులు మొదట చూడవలసినవి. కంటికి దొరకకపోతే ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టరు వాడాలి. దానికీ చిక్కకపోతే గ్యాస్‌ను రికవరీ మెషీన్‌తో సిలిండరులోకి తీసి, పొడి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగతో ఒక్కో జాయింటూ చూడాలి. పరీక్షకు ఆక్సిజన్ సిలిండరును ఎట్టి పరిస్థితిలోనూ తగిలించనివ్వకండి. ఆయిలుతో కలిస్తే పేలుతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసరూ పనికిరాదు. దానివల్ల తేమ లోపలికి చేరుతుంది, పీడనంలో ఎక్కువ గాలితో కలిసిన ఆర్-134ఎకి అంటుకునే గుణం కూడా వస్తుంది.

నైట్రోజన్ పరీక్షలో ఒక చిన్న లెక్క చాలామందిని తికమక పెడుతుంది. మధ్యాహ్నం 36 డిగ్రీల వేడిలో 200 పీఎస్ఐ దగ్గర మూసిన గేజి, మర్నాడు ఉదయం 27 డిగ్రీల దగ్గర 194 చూపిస్తే అది లీకు కాదు; చల్లబడిన వాయువు కుదించుకోవడం వల్ల ఆ 6 పీఎస్ఐ తగ్గుతుంది. అంతకు మించి పడిపోతేనే మళ్ళీ వెతకాలి.

లీకు మూసిన తర్వాత, తేమను పీల్చే డ్రయ్యర్ మార్పించి, రెండు దశల వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను 500 మైక్రాన్ల (శూన్యానికి దగ్గరి పీడనాన్ని కొలిచే ప్రమాణం) వరకు లాగించండి. మామూలు గేజి సూది కింది చివరకు దిగడం ఇందుకు చాలదు, మైక్రాన్ గేజి ఉండాలి. పంపు ఆపి అరగంట చూస్తే సంగతి తెలుస్తుంది: అంకె కొంత పెరిగి ఒకచోట నిలిస్తే లోపల తేమ మిగిలి ఉంది, ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు మిగిలి ఉంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ ఈ అరగంటను ఎవరూ మిగుల్చుకోకూడదు. చివరిగా, ప్లేటు మీద ఎన్ని కిలోలని ఉంటే అన్ని కిలోల ఆర్-134ఎ, సిలిండరును కాటా మీద పెట్టి తూకంతో ఎక్కించాలి. గొట్టం చేతికి చల్లగా తగిలిందని ఆపేయడం తూకానికి సాటిరాదు.

ఇంకొక మాట. చల్లదనం తగ్గిన ప్రతిసారీ నెపం గ్యాస్ మీదికి పోతుంది గానీ, లోపలి గాలి ఫిల్టర్లు దుమ్ముతో మూసుకుపోయినా, కండెన్సర్ ఫ్యాను మోటార్లలో ఒకటి రెండు ఆగిపోయినా, బెల్టు జారుతున్నా, ఆల్టర్నేటరు 24 వోల్టుల వ్యవస్థకు సరిపడా కరెంటు ఇవ్వకపోయినా లక్షణం ఒకేలా కనిపిస్తుంది. ఇవన్నీ చూశాకే గేజి పెట్టించండి.

ప్రశ్న: మా ధర్మసంస్థకు దానంగా వచ్చిన ఒక పాత వైద్యశిబిరం బస్సు ఉంది. 1990ల నాటిది. ఏసీకి వేరే చిన్న ఇంజిన్ ఉంది. ప్లేటు మీద ఆర్-12 అని రాసి ఉంది. ఆ గ్యాస్ దొరకడం లేదు. నేరుగా ఆర్-134ఎ నింపవచ్చా? – సంస్థ కార్యదర్శి, రామచంద్రపురం

నేరుగా నింపకూడదు, పద్ధతి ప్రకారం మార్చుకోవచ్చు. ఆర్-12 ఓజోన్ పొరను దెబ్బతీసే క్లోరోఫ్లోరోకార్బన్. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని ఆపేయాలని నిర్ణయించారు. మన దేశం 1992లో అందులో చేరింది, 2010 నాటికి ఇక్కడ ఈ వాడకాలకు దాని ఉత్పత్తి ముగిసింది. ఇప్పుడు ఎవరైనా ఆర్-12 పేరుతో సిలిండరు తెచ్చి చూపిస్తే, అందులో ఏముందో పరీక్షించకుండా తీసుకోవద్దు.

ఆర్-134ఎ మరిగే ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 26 డిగ్రీలు, ఆర్-12ది దిగువ 30 డిగ్రీలకు దగ్గర. పీడనాలు కూడా దగ్గరగానే ఉంటాయి కాబట్టే దాన్ని ప్రత్యామ్నాయంగా తీసుకున్నారు. తేడా అంతా ఆయిలు దగ్గర వస్తుంది. మీ కంప్రెసర్‌లో ఉన్నది ఖనిజ నూనె. అది ఆర్-12లో కరిగి, దానితోపాటు గొట్టాలన్నీ తిరిగి మళ్ళీ కంప్రెసర్‌కు చేరేది. ఆర్-134ఎలో ఆ నూనె కరగదు. గ్యాస్ మాత్రమే మార్చి నడిపితే నూనె కూలింగ్ కాయిల్ అడుగున పేరుకుపోయి, కంప్రెసర్ నూనె లేక ఎండిపోయి పట్టేస్తుంది. మీ సంస్థకు అది భరించరాని ఖర్చు అవుతుంది.

అందుచేత ఆయిలును పాలిఓల్ ఎస్టర్ రకానికి మార్చాలి. మెకానిక్‌లు దాన్ని పీఓఈ ఆయిలు అంటారు. కార్ల ఏసీలో వాడే పీఏజీ ఆయిలు ఇక్కడ వద్దు, ఆర్-12 వదిలిన క్లోరిన్ శేషాలతో దానికి పొత్తు కుదరదు. పాత నూనెను ఒక్కసారి వంపేస్తే సరిపోదు. గొట్టాల్లో, కాయిల్‌లో అంటుకున్నది మిగిలే ఉంటుంది. కొత్త ఆయిలు పోసి, కొంతకాలం ఏసీ నడిపి, మళ్ళీ తీసి, మళ్ళీ పోసి, సాధారణంగా మూడు విడతల్లో పాత నూనె శేషం 5 శాతం కన్నా తగ్గేలా చూస్తారు. వ్యవస్థలో ఇంకా కొంత ఆర్-12 మిగిలి ఉంటే ఈ విడతలు దానితోనే నడపడం మేలు, ఎందుకంటే అది రెండు రకాల ఆయిళ్ళనూ కలుపుకొని తెస్తుంది. పీఓఈ ఆయిలు గాలిలోని తేమను చాలా వేగంగా పీల్చుకుంటుంది. మూత తీసిన డబ్బాను శ్రావణంలో ఒక పూట తెరిచి ఉంచితే అది ఇక పనికిరాదు. చిన్న డబ్బాలే కొని, తెరిచినది ఆ పనికే వాడేయాలి.

ఆయిలుతోపాటు మార్చవలసినవి మరికొన్ని ఉన్నాయి. డ్రయ్యర్‌లోని తేమ పీల్చే గుళికలు ఆర్-134ఎకి తగినవి కావాలి. జాయింట్లలోని నల్లటి పాత ఓ-రింగులు తీసి, ఆర్-134ఎకి సరిపడే హెచ్ఎన్‌బీఆర్ రబ్బరు రింగులు వేయాలి. షాఫ్టు సీలు కొత్తది వేయాలి. పాత రబ్బరు హోసుల గోడల గుండా ఆర్-134ఎ నెమ్మదిగా బయటికి పోతుంది కాబట్టి, లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోసులు అమర్చాలి. ఎక్స్‌పాన్షన్ వాల్వూ ఆర్-134ఎదే కావాలి. ఇన్ని చెబుతుంటే ఖర్చు ఎక్కువనిపిస్తుందని తెలుసు. కానీ వీటిలో ఏది వదిలేసినా మిగతావాటి మీద పెట్టిన డబ్బు వృథా.

గ్యాస్ కొలత కూడా పాత ప్లేటు ప్రకారం వేయకూడదు. ఆర్-12 తూకంలో 75 శాతంతో మొదలుపెట్టి, సైట్ గ్లాసును (గొట్టంలో పారే గ్యాస్ కనిపించే చిన్న అద్దం), గేజీలను గమనిస్తూ కొద్దికొద్దిగా పెంచితే 85 నుంచి 90 శాతం మధ్య సాధారణంగా సరిపోతుంది. 60 డిగ్రీల దగ్గర ఆర్-12 సుమారు 206 పీఎస్ఐ చూపిస్తే ఆర్-134ఎ 229 చూపిస్తుందని గుర్తుంచుకుని, కండెన్సర్‌ను శుభ్రం చేయించి, దాని ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతున్నాయో లేదో ముందే చూసుకోండి. పని పూర్తయ్యాక పాత ప్లేటు పక్కనే గ్యాస్ పేరు, ఆయిలు రకం, తూకం, తేదీ రాసిన కొత్త ప్లేటు బిగించండి.

మిగిలిన ఆర్-12ను గాలిలోకి వదిలేయనివ్వకండి. వందేళ్ళ లెక్కలో భూతాపాన్ని పెంచే శక్తి ఒక కిలో ఆర్-12కి ఒక కిలో కార్బన్ డయాక్సైడుకు ఉన్నదానికన్నా 10,900 రెట్లు ఎక్కువ. ఓజోన్ నష్టం దానికి అదనం. రికవరీ మెషీన్‌తో పేరు రాసిన వేరే సిలిండరులోకి తీయించండి. వైద్యం కోసం ఊరూరా తిరిగే బస్సు ఆ పని సరిగ్గా చేయాలని నా కోరిక.

ప్రశ్న: ఏటా వేసవికి ముందు పాత గ్యాస్ తీసి కొత్తది నింపాలని ఒక డ్రైవరు చెప్పాడు. నిజమేనా? – పాఠకుడు, తణుకు

అవసరం లేదు. గ్యాస్ పాతబడదు, పలచబడదు. తేమ, గాలి, వేరే గ్యాస్ చేరకుండా మూసి ఉన్న వ్యవస్థలో అదే గ్యాస్ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. వేసవికి ముందు చేయించవలసింది తనిఖీ: లీకులు, బెల్టు బిగువు, ఫ్యాను మోటార్లు, ఫిల్టర్లు, సైట్ గ్లాసులో తేమ సూచించే రంగు. ఆకుపచ్చగా ఉంటే పొడిగా ఉన్నట్టు, పసుపుకు తిరిగితే డ్రయ్యర్ మార్చాలి. రంగుల అర్థం అద్దం అంచునే రాసి ఉంటుంది, చూసుకోండి.

ప్రశ్న: మా బస్సులు నరసాపురం, అంతర్వేది వైపు తిరుగుతాయి. కండెన్సర్ ఏటా ఎక్కడో ఒకచోట చిల్లు పడుతోంది. బ్రేజింగ్ చేయించినా మళ్ళీ అదే తంతు. ఏం చేయాలి? – ట్రావెల్స్ నిర్వాహకుడు, నరసాపురం

మీ ప్రాంతంలో గ్యాస్‌కు పెద్ద శత్రువు సముద్రపు గాలి. కండెన్సర్‌లో రాగి గొట్టాలకు అల్యూమినియం రేకులు తొడిగి ఉంటాయి. రెండు వేర్వేరు లోహాలు తగిలి ఉన్న చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తానే కరిగిపోతూ తెల్లటి పొడిగా రాలుతుంది. రేకు, గొట్టం మధ్య పట్టు ఆ పొడితో వదులైపోయి, గ్యాస్‌లోని వేడి బయటి గాలిలోకి దిగదు. కప్పు మీదికి ఎక్కి రేకుల అంచును గోటితో మెల్లగా గీకి చూడండి. గట్టిగా నిలిస్తే పరవాలేదు. అప్పడంలా పొడిపొడిగా విరిగితే ఆ కండెన్సర్‌కు ఎన్ని అతుకులు వేసినా వృథా, మార్చడమే దారి. కొత్తది కొనేటప్పుడు రేకుల మీద తుప్పు నిరోధక పూత ఉన్నదాన్ని అడిగి తీసుకోండి. మీ తీరానికి ఆ అదనపు ధర న్యాయమైనదే.

ఉన్నదాన్ని కాపాడుకోవడానికి మంచినీళ్ళ కడుగు అన్నిటికన్నా చవకైన మార్గం. వారానికి ఒకసారి, ఫ్యాన్లు ఆపి, మామూలు గొట్టంతో, గాలి బయటికి పోయే వైపు నుంచి లోపలికి నీళ్ళు పారించాలి. వాషింగ్ సెంటరు ప్రెషర్ గన్ పెడితే రేకులు మడతపడి దారి మూసుకుపోతుంది. చెరువు గట్టు బోరులోంచి వచ్చే ఉప్పునీటితో కడిగితే కడగనట్టే, ఇంకా నష్టం. చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్ళు, రొయ్యల చెరువుల బురద పడిన రోడ్ల మీద తిరిగిన రోజుల్లో బస్సు అడుగున పోయే గొట్టాల క్లాంపులను కూడా కడిగించండి. క్లాంపు కింద రబ్బరు అరిగి, ఇనుము గొట్టాన్ని కోసిన చోట మొదలయ్యే సన్నని లీకు నెలల తరబడి దొరకదు.

మురికి పట్టిన కండెన్సర్ ఇంకొక తప్పుకు దారి తీస్తుంది. వేడి దిగక హై సైడు (కండెన్సర్ వైపు) పీడనం పెరిగితే, గ్యాస్ ఎక్కువైందనుకుని కొందరు కొంత గ్యాస్ వదిలేస్తారు. గేజి తాత్కాలికంగా దిగుతుంది. కండెన్సర్ కడిగిన తర్వాత చూస్తే గ్యాస్ చాలకుండా ఉంటుంది, మళ్ళీ నింపాలి. పీడనం పెరిగితే మొదట కడగాలి, తర్వాతే గ్యాస్ తూకం సంగతి చూడాలి.

ప్రశ్న: మా కాలేజీ బస్సులు వేసవి సెలవుల్లో రెండు నెలలు షెడ్డులోనే ఉంటాయి. జూన్‌లో తీసేసరికి ఒకటి రెండింటిలో గ్యాస్ ఉండదు. వాడకుండానే ఎలా పోయింది? – రవాణా పర్యవేక్షకుడు, భీమవరం

వాడకపోవడం వల్లనే పోయింది. బస్సు కంప్రెసర్‌ను బయటి నుంచి బెల్టు తిప్పుతుంది, కాబట్టి దాని షాఫ్టు ఒక చివర బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ షాఫ్టు బయటికి వచ్చే చోట తిరిగే నున్నని ముఖం ఒకటి, కదలని ముఖం ఒకటి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటి నడుమ పలుచని ఆయిలు పొరే గ్యాస్‌ను ఆపేది. కంప్రెసర్ తిరుగుతున్నంతకాలం ఆ పొర నిత్యం కొత్తగా ఏర్పడుతుంది; వారాల తరబడి ఆగిపోతే ఆయిలు కిందికి దిగిపోయి ముఖాలు పొడిబారతాయి. అక్కడి నుంచి గ్యాస్ చప్పుడు లేకుండా పోతుంది.

సెలవుల్లో వారం, పది రోజులకొకసారి ప్రతి బస్సు ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, క్లచ్ పట్టిందని చూసుకుని పావుగంట నడపమని డ్రైవరుకు చెప్పండి. డీజిలు ఖర్చు, ఒక్కసారి నింపే గ్యాస్ ఖర్చుతో పోలిస్తే ఏమాత్రం లెక్కలోకి రాదు. ఇంకా ఎక్కువ కాలం నిలిపేటట్టయితే మెకానిక్‌తో పంప్ డౌన్ చేయించి, గ్యాస్‌ను రిసీవరు అనే నిల్వ డబ్బాలోకి చేర్చి వాల్వులు మూయించవచ్చు. అయితే మళ్ళీ తీసేటప్పుడు ఆ వాల్వులు తెరవకుండా ఏసీ వేయకూడదన్న కాగితం స్టీరింగుకు కట్టి ఉంచాలి. షాఫ్టు దగ్గర అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కల ఆయిలు కనిపించడం సహజమే. కింద నేల తడిసేంత కారితే సీలు మార్చాలి.

ప్రశ్న: నేను ఏసీ మెకానిక్‌ని. పేరు లేని ఆర్-134ఎ సిలిండర్లు సగం ధరకు వస్తున్నాయి. వంటగ్యాస్ కలిపినా బాగా చల్లబడుతుందని కొందరు చెబుతున్నారు. మీ సలహా ఏమిటి? – అమలాపురం

మీరు అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. నకిలీ ఆర్-134ఎలో ఆర్-40, అంటే మిథైల్ క్లోరైడు కలుస్తున్న ఉదాహరణలు ప్రపంచమంతటా బయటపడ్డాయి. అది అంటుకునే గుణమున్న, విషపూరితమైన వాయువు. అంతకు మించి, అల్యూమినియంతో చర్య జరిపి ట్రైమిథైల్ అల్యూమినియం అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది గాలి తగిలితే చాలు, తనంతట తానే మండుతుంది. 2011లో ఓడల మీద వెళ్ళే శీతల కంటైనర్లలో ఇలాంటి గ్యాస్ వల్ల కంప్రెసర్లు పేలి, వాటి మీద పనిచేస్తున్న మెకానిక్‌లు చనిపోయారు. నట్టు విప్పే చేయి మీదే కాబట్టి మొదటి ప్రమాదమూ మీకే.

సిలిండరు పీడనం పరీక్షిస్తే మోటు కల్తీ పట్టుబడుతుంది. 30 డిగ్రీల దగ్గర అది 97 పీఎస్ఐ ఉండాలి. కానీ పీడనం సరిపోయేలా కలిపిన మిశ్రమాలు కూడా ఉన్నాయి. గ్యాస్‌లో ఏమేమి ఉన్నాయో చూపించే రిఫ్రిజరెంట్ ఐడెంటిఫయరు యంత్రం అందుబాటులో ఉంటే అదే నమ్మకమైనది. లేనప్పుడు, గ్యాస్‌ను మంటకు తగిలించి రంగు చూసే పాత హాలైడు టార్చి ఉపయోగపడుతుంది. ఆర్-134ఎలో క్లోరిన్ లేదు కాబట్టి మంట రంగు మారకూడదు; మంట పచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్న గ్యాస్ ఏదో ఉంది. ఆ పరీక్షను ఆరుబయట, రవ్వంత గ్యాస్‌తో, పొగ పీల్చకుండా చేయండి. బిల్లు, కంపెనీ ముద్ర, బ్యాచ్ నంబరు లేని సిలిండరు ఎంత చవకైనా వెనక్కి పంపండి.

వంటగ్యాస్ చల్లబరుస్తుందన్నది నిజమే, ప్రొపేను మంచి శీతలీకారే. ఇళ్ళలో వాడే కొన్ని ఏసీల్లో దాన్ని కొద్ది వందల గ్రాముల మోతాదులో, అందుకోసమే రూపొందించిన యంత్రంలో వాడుతున్నారు. బస్సు సంగతి వేరు. కిలోల కొద్దీ గ్యాస్, మూసిన అద్దాలు, నిప్పురవ్వలు రాల్చే బ్లోయరు మోటార్ల బ్రష్షులు, లోపల నలభై మంది మనుషులు. కూలింగ్ కాయిల్ లీకైతే ఆ గ్యాస్ నేరుగా వాళ్ళ మధ్యకే వస్తుంది. ఎవరు ఎంత ఒత్తిడి చేసినా ఈ పని ఒప్పుకోకండి. ఇదివరకే ఎవరో నింపారని అనుమానం వచ్చిన బస్సు వస్తే బీడీలూ టార్చీలూ దూరం పెట్టి, అద్దాలన్నీ తెరిచి, యజమానికి విషయం చెప్పాకే గేజి తగిలించండి.

ప్రశ్న: మా బస్సులో ఆర్-407సి ఉంది. టాపప్ చేయవచ్చా? అలాగే ఆర్-134ఎ కూడా త్వరలో దొరకదని వింటున్నాం, నిజమేనా? – పాఠకుడు, కాకినాడ

ఆర్-407సి మూడు గ్యాస్‌ల మిశ్రమం: ఆర్-32 23 శాతం, ఆర్-125 25 శాతం, ఆర్-134ఎ 52 శాతం. ఆవిరిగా కారిపోయేటప్పుడు ఈ మూడూ ఒకే పాళ్ళలో పోవు, కాబట్టి పెద్ద లీకు తర్వాత లోపల మిగిలింది అసలు మిశ్రమం కాదు. కొంచెం తగ్గినప్పుడు టాపప్‌తో నెట్టుకురావచ్చు. సగానికి పైగా పోతే మిగిలినదంతా రికవరీ చేసి, లీకు మూసి, కొత్తగా తూకం ప్రకారం నింపాలి. ఎప్పుడైనా సిలిండరు నుంచి ద్రవంగానే ఎక్కించాలి. ఆవిరిగా ఎక్కిస్తే సిలిండరులోనే పాళ్ళు మారిపోతాయి.

ఆర్-134ఎ గురించి కంగారు వద్దు. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలీలో కుదిరిన సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం మనకు ఆర్-134ఎ కూడా చేరిన హైడ్రోఫ్లోరోకార్బన్ల వాడకం 2028లో ఒక స్థాయి దగ్గర ఆగుతుంది, 2032లో 10 శాతం, 2037లో 20, 2042లో 30, 2047 నాటికి 85 శాతం తగ్గుతుంది. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న పాత బస్సు జీవితకాలంలో గ్యాస్ దొరకకుండా పోయే పరిస్థితి రాదు, ధర మాత్రం పెరగవచ్చు. ఆర్-22 సంగతి అలా కాదు. సర్వీసింగ్‌కు ఉంచే స్వల్ప భాగం తప్ప 2030 నాటికి దాన్ని ఆపేయవలసి ఉంది. కాబట్టి సెకండ్‌హ్యాండ్ బస్సు బేరం చేసేటప్పుడు ఇంజిన్ చప్పుడు విన్నంత శ్రద్ధగా కప్పు మీది ఏసీ ప్లేటు చదవండి, గ్యాస్ పేరు, తూకం రాసుకోండి, తెల్లవారుజామున గేజి పెట్టి ఆ పేరుకు తగిన పీడనమే ఉందో లేదో చూసిన తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.